పేర్లు తీసేస్తే చాలదు, బీరువాలో పెట్టి తాళం వేసినా చాలదు: మీ చేనేత సర్వే డేటా గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. కేంద్ర ప్రభుత్వ నిధులతో మూడు చేనేత ప్రాంతాల్లో 640 ఇళ్లు సర్వే చేశారు. అప్పులు, మజూరీ, నడుము నొప్పి, కంటిచూపు, పిల్లల చదువు అన్నీ అడిగారు. కొందరి మాటలు ఫోనులో రికార్డు చేశారు. ప్రాజెక్టు ముగింపుకు వచ్చింది. నిధులిచ్చిన సంస్థ నివేదికతో పాటు డేటా కూడా జమ చేయమంటోంది. మీ విశ్వవిద్యాలయ న్యాయ అధికారి “కొత్త డేటా చట్టం వచ్చింది, ఒక్క వరుస కూడా బయటికి పోవడానికి వీల్లేదు” అన్నారు. మీ సహోద్యోగి మాత్రం “పేర్లు, ఫోను నంబర్లు కొట్టేసి పంపించండి, అందరూ చేసేది అదే” అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వినకండి. ఇద్దరూ పని తప్పించుకునే దారే చూపించారు. ఒకరికి సంతకం పెట్టే బెడద వద్దు, ఇంకొకరికి వారం రోజుల చాకిరీ వద్దు. ఇరవై రెండేళ్లుగా సర్వేల డేటా సర్దడమే నా పని. ఈ రెండు రకాల సలహాలనూ చాలాసార్లు విన్నాను. రెండోదాన్ని ఒకసారి పాటించాను కూడా. ముందు ఆ సంగతి చెబుతాను.

పన్నెండేళ్ల కిందట గ్రామీణ అప్పుల మీద ఒక సర్వే చేశాం. పేర్లన్నీ తీసేశాం. నివేదిక చివర ఊరి వారీగా, కులం వారీగా, అప్పు ఎక్కడి నుంచి తెచ్చారో చూపించే పట్టిక ఒకటి పెట్టాం. అందులో ఒక ఊరి ఎదురుగా ఒక గడిలో “1” అని ఉంది. ఆ కులానికి ఆ ఊళ్లో ఉన్నది ఒకే ఇల్లు. ఆ ఇంటావిడ ప్రైవేటు ఫైనాన్సరు బాకీ కట్టడం మానేసి, స్వయం సహాయక సంఘం అప్పు మాత్రం కడుతున్నారని పక్క గడుల్ని కలిపి చదివితే తెలిసిపోతుంది. మేము మంచి మనసుతోనే నివేదిక ప్రతిని పంచాయతీ కార్యాలయానికి పంపాం. అది ఫైనాన్సరు చేతికి చేరడానికి నెల కూడా పట్టలేదు. మళ్లీ ఆ ఊరికి వెళ్లిన మా కుర్రాణ్ని ఆవిడ గుమ్మంలోకి రానివ్వలేదు. “మీకు చెప్పింది మీకే అనుకున్నాను” అన్నారట. నివేదికంతా వెతికినా ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు.

మన డేటాకు ముప్పు అనగానే ఎక్కడో దూరదేశంలో కూర్చున్న హ్యాకర్ గుర్తొస్తాడు. మీ 640 ఇళ్ల గుట్టు ఆ హ్యాకర్‌కు ఎందుకు? దానితో అవసరం ఉన్నవాళ్లు అదే వీధిలో ఉంటారు. అడ్వాన్సు ఇచ్చి మగ్గాన్ని కట్టేసుకున్న మాస్టర్ వీవర్, అంటే నేత నేయించుకునే షావుకారు, తన నేతగాడు ఇంకొకరికి చాటుగా చీరలు అమ్ముతున్నాడా అని చూస్తాడు. చీటీల నిర్వాహకుడు ఎవరికి ఎంత బాకీ ఉందో చూస్తాడు. పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లు ఆ ఇంటి జబ్బుల గురించి ఆరా తీస్తారు. వీళ్లెవరికీ మీ ఫైలులో పేరు అక్కర్లేదు.

ఒక వరుస ఊహించండి. 46 ఏళ్ల స్త్రీ, దేవాంగ, భర్త లేరు, గుంట మగ్గం ఒకటి, కూతురు బెంగళూరులో నర్సు, బాకీ 3,80,000 రూపాయలు. దీన్ని ఆ ఊరి టీ కొట్టు దగ్గర చదివి వినిపించండి. “నర్సు” అనే మాట దగ్గరే ఎవరో ఒకరు ఫలానావారని చెప్పేస్తారు. మీ సహోద్యోగి సలహాలో లోపం ఇదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిర్వచనం కూడా పేరు దగ్గర ఆగలేదు. ఆ డేటా వల్ల గానీ, దానికి సంబంధించి గానీ ఒక వ్యక్తిని గుర్తించగలిగితే అది వ్యక్తిగత డేటాయే.

ఇక న్యాయ అధికారి మాట. ఆ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా సేకరించేవారి మీద పడే ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. కాబట్టి “చట్టం వచ్చేసింది” అన్న మాట కొంతవరకే నిజం. “వీల్లేదు” అన్నది మాత్రం తప్పు. పరిశోధన, గణాంకాలు, రికార్డులను భద్రపరచడం కోసం చేసే పనికి 17వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. దానికి రెండు షరతులున్నాయి. ఆ డేటాను పట్టుకుని ఫలానా వ్యక్తి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నియమాల రెండో షెడ్యూలులో చెప్పిన ప్రమాణాలను పాటించాలి. ఆ ప్రమాణాల్లో కొత్త వింతలేమీ లేవు: అవసరమైనంతే సేకరించాలి, చెప్పిన పనికే వాడాలి, అవసరం ఉన్నంత కాలమే ఉంచాలి, తగిన భద్రత పెట్టాలి, ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండాలి. మొదటి షరతును తేలిగ్గా తీసుకోవద్దు. రేపు జిల్లా అధికారి ఎవరైనా “మీ జాబితాలో బాగా అప్పుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఇవ్వండి, పథకంలో చేరుస్తాం” అని అడగవచ్చు. ఉద్దేశం మంచిదే, కానీ ఇచ్చిన క్షణంలో మీ పని పరిశోధన గీత దాటుతుంది. ఇవ్వకండి. పథకం వివరాలున్న కాగితాన్ని అన్ని ఇళ్లకూ మీరే పంచండి.

బహుశా మీ న్యాయ అధికారిని భయపెడుతున్నది 250 కోట్ల రూపాయల దాకా ఉన్న జరిమానా. అది తగిన భద్రత పెట్టనందుకు వేసేది. ఆ కోణంలో చూస్తే మీ ప్రమాదం రేపు జమ చేయబోయే ఫైలులో లేదు, ఇవాళ్టి మీ గూగుల్ షీటులో ఉంది. సర్వే చేసిన పద్నాలుగు మందికీ లింకు పంపామని, అది తెలిసిన ఎవరైనా షీటు తెరవవచ్చని మీరే రాశారు. వాళ్లలో సగం మంది ఇప్పుడు వేరే ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. నిండిన ఫారాలకు ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టామని కూడా రాశారు. ఆ ఫోటోలు ఇప్పటికీ పద్నాలుగు ఫోన్లలో పెళ్లి ఫోటోల పక్కన ఉన్నాయి. ఇది చదవడం ఆపి ముందు ఆ లింకు మూసేసి రండి. ఫోటోల సంగతి ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పాలి. గ్రూపులో సందేశం పెడితే ఎవరూ చేయరు.

పనిలో పనిగా ఒక మాట. ప్రజాధనంతో చేసిన పరిశోధన డేటాను సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు చట్టం 8(1)(జె) నిబంధనను ఈ డేటా చట్టమే మార్చింది. “వ్యక్తిగత సమాచారం” అంటే చాలు, నిరాకరించవచ్చు అన్నంతగా దాన్ని కుదించారు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న మాట 8(2)లో ఇంకా ఉంది గానీ, దాన్ని చూపించి పోరాడే ఓపిక ఎందరికి ఉంటుంది? నాకు ఈ మార్పు నచ్చలేదు. నేతన్నల గోప్యత పేరు చెప్పి, సరిగా చేయని సర్వేలను దాచుకునేవాళ్లకు ఇది మంచి తెర. మీరు ఆ పని చేయరని తెలుసు. కానీ మీ సంస్థ నుంచి అలాంటి జవాబు వెళ్తే, మీ సర్వే మీద వచ్చే అనుమానం మీ మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏది పంచుకోవచ్చో తేల్చేది చట్టం కన్నా ముందు మీ సమ్మతి పత్రం. దాన్ని తీసి చదవండి. “మీ వివరాలను ఈ పరిశోధనకు మాత్రమే వాడతాం, ఎవరికీ ఇవ్వం” అన్న వాక్యం ఉందా? ఉంటుందనే నా అనుమానం, ఎందుకంటే పదిమందీ పదిచోట్ల నుంచి తెచ్చుకున్న నమూనాల్లో ఆ వాక్యం ఉంటుంది. రాసేటప్పుడు అది చాలా మర్యాదగా కనిపిస్తుంది. జమ చేసే రోజున కాళ్లకు చుట్టుకుంటుంది. ఉంటే మీకు మిగిలే దారులు మూడు. తక్కువ ఇళ్లయితే మళ్లీ వెళ్లి అడగడం. లేదా పట్టికలు, ప్రశ్నావళి, ఏ గడిలో ఏముందో వివరించే కోడ్‌బుక్ మాత్రమే జమ చేసి, ఇంటింటి డేటా ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా చెప్పడం. లేదా గుర్తింపుకు అందనంతగా సరిచేసిన ప్రతిని ఇవ్వవచ్చా అని మీ సంస్థలో పరిశోధనల నైతికతను చూసే ఎథిక్స్ కమిటీని అడిగి, వాళ్ల నిర్ణయాన్ని రాయించుకోవడం. మూడో దారే తరచుగా సాధ్యపడుతుంది. మీ అంతట మీరే “ఇంత మాత్రానికి ఏమవుతుందిలే” అని నిర్ణయించుకోవడం నాలుగో దారి కాదు.

తరువాతి సర్వేకైనా పనికొచ్చేలా నేను వాడే వాక్యాలు ఇస్తున్నాను. ఊళ్లో చదివి వినిపిస్తే అర్థమవ్వాలన్నదే నా కొలత: “మీరు చెప్పినవి రాసుకుంటాం. మీ పేరు, ఫోను నంబరు, ఊరి పేరు వేరే పుస్తకంలో ఉంచి తాళం వేస్తాం. అవి తీసేసిన వివరాలను ఇంకొన్నేళ్ల తరువాత వేరే పరిశోధకులు కూడా చదువుకోవచ్చు. మీ ఊరివాళ్లకు, మీ షావుకారికి, బ్యాంకుకు, ప్రభుత్వ ఆఫీసుకు మీరేం చెప్పారో మేం చెప్పం. మీకు ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. తరువాత మనసు మారితే ఈ నంబరుకు ఫోను చేయండి, పేర్లు కలిపి ఉన్నన్నాళ్లూ మీ వివరాలు తీసేయగలం.” చివరి వాక్యంలోని గడువును గమనించండి. ఎప్పటికైనా తీసేస్తామని మాట ఇవ్వకూడదు. పేరుకూ వరుసకూ మధ్య ఉన్న ముడి తెంచేశాక ఎవరిది ఏ వరుసో మీకే తెలియదు.

మీ సర్వేలో కండెలు చుట్టే 15, 16 ఏళ్ల ఆడపిల్లలతో కూడా మాట్లాడామన్నారు. డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 నిండని వాళ్లంతా పిల్లలే. తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోగలిగిన సమ్మతి కావాలి. పరిశోధన మినహాయింపు ఉంది కదా అని దాన్ని వదిలేయకండి, ఎథిక్స్ కమిటీ ఎలాగూ అడుగుతుంది. హాస్టల్లో ఉన్న పిల్లల తరఫున వార్డెన్ సంతకం పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకా ప్రాజెక్టు జరిగినప్పుడు రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ సమ్మతుల తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అది టీకా, మీది సర్వే, నిజమే. కానీ ఎవరి సంతకం ఎవరు పెట్టవచ్చన్న ప్రశ్న రెండింటిలోనూ ఒకటే.

ఇక చేతిపని. మొదట ఫైలును రెండుగా చీల్చండి. ఒకదానిలో పేరు, ఫోను, చిరునామా, ఒక గుర్తు సంఖ్య. రెండోదానిలో అదే గుర్తు సంఖ్య, మిగిలిన జవాబులన్నీ. మొదటిదాన్ని తాళంచెవి ఫైలు అందాం. దాన్ని బిట్‌లాకర్‌తోనో వెరాక్రిప్ట్‌తోనో (పాస్‌వర్డు లేనిదే తెరుచుకోకుండా చేసే ప్రోగ్రాములు) తాళం వేసిన డ్రైవులో ఉంచండి. తెరిచే హక్కు మీకు, ఇంకొకరికి మాత్రమే ఉండాలి. గుర్తు సంఖ్యకు అర్థం ఉండకూడదు. ఊరి కోడు, వీధి, ఇంటి నంబరు కలిపి తయారుచేసిన సంఖ్య అంటే చిరునామాను వేరే లిపిలో రాసినట్టే.

ఫోను నంబరును హాష్ చేసి, అంటే ఒక సూత్రంతో వేరే అక్షరాల వరుసగా మార్చి, గుర్తు సంఖ్యగా వాడామని మీ ప్రోగ్రామర్ చెప్పారన్నారు. అది తెలివైన పనిలా కనిపిస్తుంది. మన మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతాయి. అంటే మొత్తం కలిపి 400 కోట్ల నంబర్లే సాధ్యం. అన్నింటికీ హాష్ కట్టి సరిపోల్చడం ఇవాళ్టి మామూలు కంప్యూటర్‌కు ఒక పూట పని కూడా కాదు. పైగా షావుకారు దగ్గర తన నేతగాళ్ల నంబర్లు ముందే ఉంటాయి, ఆయనకు అంత శ్రమ కూడా అక్కర్లేదు. కాబట్టి యాదృచ్ఛికంగా పుట్టించిన సంఖ్య ఇవ్వండి.

ఆధార్ నంబర్లు ఎందుకు తీసుకున్నారో మీరు రాయలేదు. ప్రోత్సాహకంగా ఇచ్చిన 200 రూపాయలకు రసీదు కోసం అయి ఉంటుంది, అకౌంట్స్ విభాగాలకు ఆ అలవాటుంది. రసీదుకు సంతకం, వేలిముద్ర చాలునని వాళ్లను ఒప్పించండి. ఇప్పటికే తీసుకున్నవాటిని జవాబుల ఫైలులో ఒక్క గడిలో కూడా ఉంచకండి.

పేర్లు వేరుచేశాక అసలు కష్టం మొదలవుతుంది. ఎక్కువ మందిలో లేని లక్షణాలే మనిషిని పట్టిస్తాయి. వయసును అయిదేళ్ల మెట్లుగా మార్చండి. బాకీ మొత్తాల్లో పైన మిగిలే కొద్దిమందిని “5 లక్షలు, ఆపైన” అన్న ఒకే గంపలో వేయండి. పుట్టిన తేదీ, ఇంటర్వ్యూ తేదీ తీసేసి నెల ఉంచితే చాలు. కూతురి నర్సు ఉద్యోగం “కుటుంబంలో ఒకరు జీతం ఉద్యోగంలో” అవుతుంది. కులం దగ్గర ఆలోచించాలి. చేనేత మీద చేసే పరిశోధనలో కులం తీసేస్తే మిగిలేది తక్కువ. పద్మశాలి, దేవాంగ, తొగట, కర్ణిభక్తుల అని విడివిడిగా ఉంచి ఊరి పేరును తీసేయాలా, లేక ఊరు ఉంచి కులాలను కలిపేయాలా? రెండూ ఉంచడం కుదరదు. మీ స్థానంలో నేనుంటే ఊరు తీసేస్తాను. మూడు ప్రాంతాలకు మూడు అక్షరాలు పెడతాను. ఆ తరువాత వయసు మెట్టు, ఆడ మగ, కులం, ప్రాంతం, మగ్గాల సంఖ్య కలిపి చూసి, ఏ కలయికలోనూ అయిదు ఇళ్లకు తక్కువ రాకుండా చూసుకుంటాను. వచ్చినచోట ఇంకాస్త కలిపేస్తాను. ఎక్సెల్‌లో పివట్ పట్టిక (ఏ కలయికలో ఎన్ని ఉన్నాయో లెక్కించేది) వేయడం వస్తే ఈ పని చేయగలరు. నివేదికలోని పట్టికలకూ ఇదే వర్తిస్తుంది. నా “1” గడిని మరచిపోకండి.

జీపీఎస్ గుర్తులు ఉన్నాయన్నారు, అవి జమ చేసే ప్రతిలో వద్దు. స్థలం తెలియకపోతే పరిశోధన సాగదనుకుంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చేస్తుందో చూడండి. అక్కడ ఇంటి గుర్తును అసలు ఇవ్వరు, కొన్ని ఇళ్ల సమూహానికి ఒకటే గుర్తు ఇస్తారు. దాన్ని కూడా పట్టణంలో 2 కిలోమీటర్ల వరకు, గ్రామాల్లో 5 కిలోమీటర్ల వరకు ఏదో ఒక దిక్కుకు జరుపుతారు. గ్రామాల్లో నూటికి ఒకదాన్ని 10 కిలోమీటర్ల దాకా జరుపుతారు. జిల్లా దాటకుండా చూస్తారు. పరిశోధకుడికి వర్షపాతం, రోడ్డు దూరం లెక్కలు దాదాపుగా అందుతాయి, ఇల్లు మాత్రం దొరకదు.

ఆడియో జమ చేయకండి. ముక్కూమొహం తెలియనివాళ్లకు గొంతు గొంతే, ఊరివాళ్లకు అది సాక్షాత్తూ మనిషి. రాతప్రతిలో పేర్లు, ఊళ్లు, సంఘాల పేర్లు మార్చి ఇవ్వండి. ఇంకొకటి: ఆ రికార్డింగులను రాతలోకి మార్చడానికి ఉచిత వెబ్‌సైట్లకు, ఏఐ చాట్ సాధనాలకు ఎక్కిస్తే ఎవరికీ ఇవ్వమన్న మాటను అక్కడే తప్పినట్టు. కంప్యూటర్‌లోనే నడిచే సాధనాలున్నాయి. లేదా ఇద్దరు విద్యార్థులకు డబ్బులిచ్చి, రాతపూర్వకంగా మాట తీసుకుని రాయించండి.

ఇదంతా చేస్తే డేటాలో పస మిగలదని మీ సహోద్యోగి అంటారు. మన దగ్గరే ఉన్న ఉదాహరణ చూపించండి. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 చోట్ల 3,000 మంది పిల్లలతో మొదలైంది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా వాళ్ల వెంట నడిచింది. బ్రిటన్ ప్రజాధనం దాని వెనుక ఉంది. డేటాను అక్కడి జాతీయ డేటా భాండాగారంలో ఉంచారు, నమోదు చేసుకున్న పరిశోధకులు వాడుకుంటున్నారు. పేదరికం, చదువు, బాల్యవివాహాల మీద ఎన్నో పత్రాలు దాని నుంచే వచ్చాయి. ప్రచురణల్లో పిల్లలవీ ఊళ్లవీ మారుపేర్లే కనిపిస్తాయి.

జమ చేసేటప్పుడు “అందరికీ తెరిచి” లేక “మూసి” అని రెండే మార్గాలున్నట్టు చూడకండి. ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) నిధులైతే, గణాంకాల మంత్రిత్వ శాఖతో కలిసి ఏర్పాటు చేసిన ఐసీఎస్ఎస్ఆర్ డేటా సర్వీస్ ఉంది, వాళ్లతో మాట్లాడండి. ప్రశ్నావళి, కోడ్‌బుక్, పట్టికలు అందరికీ అందుబాటులో ఉంచండి. సరిచేసిన ఇంటింటి డేటాను దరఖాస్తు పెట్టి, మనుషుల్ని తిరిగి గుర్తించే ప్రయత్నం చేయబోమని సంతకం చేసినవాళ్లకే ఇచ్చేలా అడగండి. కోడ్‌బుక్‌లో ఏ గడిని ఎలా మార్చారో రాయండి. లేకపోతే రేపటి విద్యార్థి “5 లక్షలు, ఆపైన” అన్న గంపను చూసి, మీ నేతన్నలకు సరిగ్గా అయిదు లక్షలే అప్పు ఉందని లెక్క కడతాడు.

మీ న్యాయ అధికారికి ఒక పేజీ నోట్ రాయండి. చట్టం గురించి ఉపన్యాసం వద్దు. ఏం తీసేశాం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు చెరిపేస్తాం, లీకైతే ఎవరికి చెబుతాం అన్న నాలుగు సంగతులు చాలు. చివరిదానికి నియమాల్లో కొలత ఉంది: డేటా రక్షణ బోర్డుకు ఆలస్యం లేకుండా తెలపాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి, బాధితులకూ చెప్పాలి. ఇలాంటి కాగితం ముందుంటే సంతకం పెట్టడానికి ఆయనకు ఆధారం దొరుకుతుంది. అది లేకపోవడం వల్లే ఇప్పుడు వద్దంటున్నారు.

మిగిలింది బీరువాలోని కాగితపు ఫారాలు, 640 ఇళ్లవి. ప్రాజెక్టు నియమాల ప్రకారం ఎన్నేళ్లు ఉంచాలో అన్నేళ్లు తాళం వేసి ఉంచండి. గడువు తీరాక ఎవరో ఒకరు బీరువా ఖాళీ చేయమంటారు, అటెండరు వాటిని కిలోల లెక్కన పాత కాగితాలకు వేసేస్తాడు. నేను మా ఊరి బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొన్నప్పుడు పొట్లం విప్పితే ఒక సర్వే ఫారం రెండో పేజీ కనిపించింది. నూనె మరకల మధ్య ఇంటిపేరు, నెల ఆదాయం స్పష్టంగా చదవగలిగాను. కాగితం కత్తిరించే యంత్రం మీ పరీక్షల విభాగంలో ఉంటుంది. ఆ రోజు మీరే దగ్గరుండి వేయించండి.